చెంబు కాదు, కత్తిపీట పంపుతున్నా

చిట్టీ,

నిన్న ఫోన్లో నువ్వడిగినదానికి సరిగ్గా చెప్పడానికి కుదరలేదు, ఓపక్క కుక్కర్ కూతలు ఇంకోపక్క మీ నాన్న టీవీ, అందుకే ఇప్పుడు తీరిగ్గా కూర్చుని టైప్ చేస్తున్నా. మెసేజ్‌ల్లా ముక్కలు చేసి పంపను, ఒకటే ఉత్తరం, నువ్వు కూడా ఒకేసారి చదువు, రీల్స్ చూసుకుంటూ మధ్యమధ్యలో కాదు.

విషయం ఏటంటే, నువ్వడిగిన అమ్మమ్మ కంచు చెంబు నేను పంపట్లేదు. కత్తిపీట పంపుతున్నా. అప్పుడే మూతి ముడుచుకోకు. ఇంట్లో వాడే వస్తువు ఒకటి తెచ్చి, డ్రాయింగులు గీసి, ఎవరు చేశారో ఎలా వాడారో రాసి మ్యూజియంలో పెట్టినట్టు పెట్టాలన్నారు కదా మీ సార్లు, క్లాసులో సగం మంది చెంబే తెస్తారు చూడు. ఎందుకు తేరు మరి, మీ కాలేజీ పుట్టిందే చెంబు పొగడ్తతో. చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అని అమెరికా మొగుడూపెళ్ళాలు, కుర్చీలు డిజైన్ చేసి పేరు తెచ్చుకున్నోళ్ళు, మన ప్రభుత్వం పిలిస్తే వచ్చి దేశమంతా తిరిగి 1958లో రిపోర్టు ఇచ్చారు, దాని తర్వాతే 1961లో మీ ఎన్‌ఐడీ, అదే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్, పెట్టారు. ఇండియాలో మేం చూసిన వస్తువులన్నిటిలోకీ చెంబే గొప్పదేమో అని రాశారు వాళ్ళు. నెత్తిన పెట్టుకుంటారా చంకన పెట్టుకుంటారా, నిండుగా ఉంటే ఎలా నిలబడుతుంది ఖాళీగా ఉంటే ఎలా, అరచేతికి ఎలా అమరుతుంది, లోపల తోమడానికి చెయ్యి పడుతుందా, ఇంకో గిన్నెకి తగిలితే ఏం చప్పుడొస్తుంది, ఇలా పెద్ద లిస్టు. నువ్వు పంపిన ఆ పేజీ రెండుసార్లు చదివాను, బాగుంది. అందులో నాకు బాగా నచ్చింది ఏదో చెప్పనా? పాడయ్యాక కరిగిస్తే ఎంతొస్తుంది అని కూడా లెక్కేశారు చూడు, అదీ. కాపురం చేసినోళ్ళకే తడుతుంది ఆ ప్రశ్న.

ఎందుకంటే మన బుడితి సామాను కథంతా అక్కడే ఉంది. రాగిలో తగరం కలిపితే కంచు, జింకు కలిపితే ఇత్తడి, సారవకోట మండలంలో ఆ చిన్న ఊరు ఈ రెండింటికీ పేరు పడింది, ఇప్పుడు జీఐ గుర్తింపు కూడా ఉంది, అంటే ఇది ఫలానా ఊరి సరుకే అని సర్కారు వేసే ముద్ర. పాత సామాను తూకం వేసి, మజూరీ కట్టించుకుని కొత్తది ఇచ్చేవారు. అమ్మమ్మ పెళ్ళినాటి చిల్లుపడ్డ గిన్నెలే నా పెళ్ళికి కంచాలయ్యాయి. అందుకే ఇళ్ళల్లో మరీ పాతకాలం కంచు దొరకదు, కొలిమిలోకి వెళ్ళి మళ్ళీ మళ్ళీ కొత్తగా వచ్చేస్తుంది. మట్టికి ఆ అదృష్టం లేదు, కుండ పగిలితే పెంకే. శాలిహుండం నీకు గుర్తుందా, వంశధార ఒడ్డున కొండ మీద స్తూపాలు, ఏడో క్లాసులో తీసుకెళ్ళాను, ఎండ ఎండ అని ఏడ్చావు. అక్కడ తవ్వితే బోలెడు కుండపెంకులు దొరికాయి, కొన్నిటి మీద అక్షరాలు కూడా ఉన్నాయి. రెండు వేల ఏళ్ళనాటి బౌద్ధ సన్యాసులు దేంట్లో తిన్నారో పెంకులు చెప్తాయి, మా అమ్మమ్మ దేంట్లో తిందో చెప్పడానికి మాత్రం ఒక్క గిన్నె లేదు. మీ అహ్మదాబాద్‌లో విశాలా హోటల్లో పాత్రల మ్యూజియం ఫోటోలు పెట్టావే, వేచార్, అది 1981లో సురేంద్ర పటేల్ అనే ఆయన పెట్టింది, జనం స్టీలు మోజులో పాత ఇత్తడీ రాగీ తూకానికి అమ్మేస్తుంటే, కొలిమిలోకి పోకుండా ఆయన కొని దాచారు. మంచి పనే చేశారు, కాదనను. కానీ ఆ ఫోటోల్లో గోడంతా బిందెలు, అరలనిండా అడకత్తెరలు, ఒక్కటి కూడా ఒకరి చేతిలో లేదు. పుణేలో కేల్కర్ మ్యూజియం ఇంకోటి, దినకర్ కేల్కర్ గారు ఇలాంటి ఇంటి సామాన్లే పోగేసి, చిన్నప్పుడే పోయిన కొడుకు రాజా పేరు పెట్టారు, వీలైతే అది కూడా చూడు. నాకు మాత్రం ఆ కథ చదివాక అక్కడి సామాన్ల మీద దృష్టి నిలవలేదు, ఆ పిల్లాడి మీదే.

సరే అసలు మాటకొస్తా. చెంబుని ఎక్కడ పెట్టినా అందంగా ఉంటుందే. తెల్ల గోడ ముందు లైటు వేసి పెడితే ఇంకా అందంగా ఉంటుంది. అందుకే మ్యూజియంవాళ్ళకి అది సుఖం. నువ్వు మాత్రం మనిషి పక్కన లేకపోతే ఏ మాత్రం అర్థం కాని వస్తువు పెట్టు. అప్పుడు నువ్వు కష్టపడాలి, మీ సార్లు కూడా కష్టపడాలి.

ఇలాంటి మ్యూజియాలకి పెద్దన్న లాంటిది లండన్‌లో ఉంది కదా, విక్టోరియా అండ్ ఆల్బర్ట్. 1851లో అక్కడ పెద్ద ఎగ్జిబిషన్ జరిగింది, మన దేశం నుంచి వెళ్ళిన బట్టలూ సామాన్లూ చూసి వాళ్ళ డిజైనర్లే ముక్కున వేలేసుకున్నారు, మరుసటేడు 1852లో హెన్రీ కోల్ అనే ఆయన మార్ల్‌బరో హౌస్‌లో మ్యూజియం మొదలెట్టాడు. మంచివి పెట్టడమే కాకుండా చెడ్డ డిజైన్ అంటే ఇలా ఉంటుంది చూడండి అని ఒక గది కూడా పెట్టాడు, పిచ్చి పూల కార్పెట్లూ అవీ. జనం దానికి భయంకరాల గది అని పేరు పెట్టారు, అవి తయారుచేసిన కంపెనీలవాళ్ళు లబోదిబోమంటే కొన్నాళ్ళకే మూసేశారు. నన్నడిగితే అలాంటి గది ప్రతి మ్యూజియంలో ఉండాలి. మనింట్లో పెడితే మొదటి బహుమతి మీ నాన్న ఆన్‌లైన్లో తెప్పించిన తాడు లాగే ఛాపర్‌కే, ఉల్లిపాయలు సగం ముద్ద సగం గడ్డ, దాన్ని కడగడానికి మళ్ళీ ఇంకో అరగంట.

ఇంకో కథ చెప్తా, ముప్ఫై ఏళ్ళు సోషల్ చెప్పిన నోరు ఊరుకోదు. 1866లో ఫోర్బ్స్ వాట్సన్ అనే ఆయన మన దేశం నుంచి వెళ్ళిన చీరలూ ధోవతులూ తలపాగాలూ మస్లిన్లూ కత్తెరతో ముక్కలు కోయించి, 18 సంపుటాల్లో 700 నమూనాలు అతికించాడు. అలాంటివి 20 సెట్లు. ఎక్కువ సెట్లు బ్రిటన్‌లోనే మిల్లుల ఊళ్ళకి, మిగిలిన కొన్ని ఇండియాకి. ఎందుకయ్యా అంటే వాళ్ళ మిల్లువాళ్ళు చూసి అలాంటివే నేసి మనకే అమ్ముకోడానికి. దాంతోపాటు ఈ దేశంలో ఎవరు ఏది ఎలా కట్టుకుంటారో కూడా విడిగా రాసిపెట్టాడు, అది గమనించావా? వాడకం తెలియకపోతే సరుకు అమ్ముడుపోదని వ్యాపారికి తెలుసు. మ్యూజియంలో లేబుళ్ళు రాసేవాళ్ళకి తెలీదా అని నా బాధ, చెంబు, ఇత్తడి, ఇరవయ్యో శతాబ్దం, అయిపోయింది.

మన శ్రీకాకుళాన్ని తెల్లోళ్ళు చికాకోల్ అనేవారు, చికాకోల్ మస్లిన్‌కి ఒకప్పుడు మంచి పేరు. ఆ నాణ్యం ఇప్పటికీ కాస్త మిగిలిందంటే పొందూరు ఖద్దరులోనే. మొన్న సెలవుల్లో పిన్నితో వెళ్ళినప్పుడు నువ్వు బట్టల షాపు దగ్గరే ఆగిపోయావు, నేను లోపలికి వెళ్ళి ఆడవాళ్ళు పని చేస్తుంటే కూర్చుని చూశాను. వాళ్ళు పత్తి దువ్వే దువ్వెన వాలుగ చేప దవడ ఎముక, గోదావరి వైపు నుంచి తెప్పించుకుంటారు. చూడ్డానికి ఏం లేదు, వంకర తిరిగిన ఎముక ముక్క, దాని మీద కంటికి ఆనీ ఆనని పళ్ళు, వేలితో అటు రాస్తే నున్నగా ఇటు రాస్తే గరుగ్గా ఉంటుంది. కొండపత్తి ఇంకా గింజతో ఉండగానే ఒక్కో గింజనీ వేళ్ళతో పట్టుకుని దాని పీచుని ఈ పళ్ళతో దువ్వుతారు, నలుసూ చెత్తా పోయి పీచంతా ఒకే వైపు తిరిగి గింజ చుట్టూ వెంట్రుకల్లా నిలబడుతుంది. అప్పుడు బల్ల మీద ఇనప పుల్ల దొర్లించి గింజ తీయాలి, తర్వాత ఏకాలి, ఏకులు చుట్టాలి, ఆ ఏకులు నలగకుండా ఎండిన అరటి డొప్పలో పెట్టుకుని రాట్నం దగ్గర కూర్చోవాలి. వందో నంబరు నూలు అలా వస్తుంది, నంబరు పెరిగేకొద్దీ దారం సన్నం. గాంధీగారు కొడుకు దేవదాస్‌ని పంపించి మరీ చూసి రమ్మన్నారంటే ఊరికే కాదు. నేను చూసినామె ఎవరితోనో కబుర్లు చెప్తూనే దువ్వుతోంది, ఎముక వైపు చూడనే లేదు. ఇప్పుడు ఆ దవడని గాజు పెట్టెలో పెట్టి చేప ఎముక అని రాస్తే ఏటి తెలుస్తుంది? జంతుశాస్త్రం ల్యాబ్ అనుకుంటారు. దాన్నే పంపుదామా అనుకున్నా కానీ అది మనింటి వస్తువు కాదు, వాళ్ళ బతుకుతెరువు పనిముట్టు, మనం అడిగి తెచ్చుకోవడం బాగోదు.

అందుకని కత్తిపీట. అటక మీంచి మీ నాన్న దించారు, దించగానే గరుకు కాగితంతో రుద్ది వార్నిష్ కొడతానన్నారు, చెయ్యి పట్టుకుని ఆపాను. చెక్క మీద కుడివైపు చిన్న గుంట ఉంటుంది చూడు, అది వడ్రంగి చేసింది కాదు, అమ్మమ్మ పాదం నొక్కీ నొక్కీ పడింది. అమ్మమ్మ పాదం చిన్నది, నాది ఆ గుంటలో పట్టదు, నీది పట్టొచ్చు. బ్లేడు మధ్యలో లోపలికి అరిగిపోయి ఉంది, సైకిల్ మీద సాన పట్టేవాడు వచ్చినప్పుడల్లా కాస్త కాస్త పోయింది, మొదట్లో ఎంత వెడల్పుందో కింద చెక్కలోకి దిగిన చోట తెలుస్తుంది, స్కేలు పెట్టి రెండూ కొలువు. చివర కొబ్బరి కోరు పళ్ళు రెండు విరిగాయి. చెక్క అడుగున కాల్చిన మేకుతో మన ఇంటిపేరు మొదటి అక్షరం, పెళ్ళిళ్ళకి ఇరుగుపొరుగు పట్టుకెళ్తే మళ్ళీ ఎవరిది వాళ్ళకి రావాలిగా. పెళ్ళింట్లో వరసగా పది కత్తిపీటలు వేసుకుని ఆడాళ్ళు కూర్చుంటే కూరగాయలతోపాటు ఊళ్ళో అందరి సంగతులూ తరిగేవారు.

ఎలా కూర్చోవాలో నీకు తెలీదు, నువ్వు పుట్టేసరికే మనకి గట్టు వంటిల్లు. ఎడమ కాలు మడిచి నేల మీద కూర్చో, కుడి మోకాలు లేపి పాదంతో పీటని నొక్కు, కాయని రెండు చేతుల్తో పట్టుకుని బ్లేడు మీదికి నెట్టు. కత్తి కదలదు, కాయే కదులుతుంది. మీ చాకులో అయితే ఒక చెయ్యి కత్తికి పోతుంది, ఇంకో చెయ్యి కాయని బల్లకేసి అదుముతుంది, బల్ల ఉండాలి, చెక్క ఉండాలి, దీనికి అవేవీ అక్కర్లేదు, ముక్కలు తిన్నగా కింద నీళ్ళ గిన్నెలో పడతాయి. వంకాయ నల్లబడే లోపే. పనసకాయ అయితే చేతులకీ బ్లేడుకీ నూనె రాసుకోవాలి, లేదంటే ఆ జిగురు రెండ్రోజులు వదలదు. మొదటిరోజు పనస జోలికి పోకు, ఆనపకాయతో మొదలెట్టు.

అలాగని పాత రోజులే బంగారం అని మాత్రం రాయకు, నాకు ఒళ్ళు మండుతుంది. నేల మీద కూర్చుని లేవలేక అమ్మమ్మ మోకాళ్ళు ఏమయ్యాయో చూశావుగా, నావి ఇప్పుడిప్పుడే మొదలయ్యాయి, గట్టు కట్టించిన రోజు నేనే ఎక్కువ సంతోషించాను. కత్తిపీట ముందు కూర్చున్న మొగాణ్ణి మాత్రం పెళ్ళి వంటవాళ్ళు తప్ప నేను ఎక్కడా చూడలేదు, అది కూడా రాయి. పాకే పిల్లలున్న ఇంట్లో దాన్ని తలకిందులుగా గోడకి ఆనించి పెట్టాల్సి వచ్చేది, బ్లేడు మడిచి పెట్టే రకాలు అందుకే వచ్చి ఉంటాయి, అవి కూడా వెతికి పక్కన బొమ్మ వేస్తే మీ సార్లకి నచ్చుతుంది.

ఒక్క మాట మాత్రం విను, దాన్ని తెల్ల స్టాండ్ ఎక్కించకు. నేల మీద చాప వేసి అక్కడే పెట్టు, చూసేవాళ్ళు వంగి చూడనీ. పక్కన నువ్వు కూర్చున్న బొమ్మ పక్కనుంచి ఒకటి, పైనుంచి ఒకటి గియ్యి. నీ స్నేహితుల్ని కూడా కూర్చోబెట్టి చూడు, ఎవరి మోకాలు ఎక్కడికొస్తుందో ఎవరు అసలు కూర్చోలేకపోతున్నారో రాసుకో. ఎవరైనా ఏడిపిస్తే బెండకాయలు ఇచ్చి తరగమను.

కొరియర్ అతను బ్లేడు ఉందంటే తీసుకోనన్నాడు. మీ బాబ్జీ అన్నయ్య వచ్చే శనివారం ఆమదాలవలసలో రైలెక్కి సూరత్ వెళ్తున్నాడు, అక్కణ్ణుంచి ఆదివారం సెలవు చూసుకుని నీకు తెచ్చిస్తానన్నాడు, వాడికి అన్నం పెట్టించి పంపు, ఉత్తినే పంపకు. గోనెసంచి చుట్టి తాడు కట్టాను, తాడు కోసేటప్పుడు జాగ్రత్త. విప్పగానే బ్లేడుకి కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడువు, స్టీలు కాదు, తేమ తగిలితే ఒక్కరోజులో తుప్పు పట్టేస్తుంది. సంచిలోనే ఆవకాయ జాడీ కూడా పెట్టాను. జాడీ ప్రాజెక్టుకి కాదు, తినడానికి. దాన్ని కూడా కొలతలు తీసి ఎగ్జిబిషన్లో పెట్టేవు.

మీ అమ్మ