వెనక బెంచీలో కూర్చున్న మా గైడ్ సార్‌కి, ఇంకా కొందరికి

నిన్న రికార్డులన్నీ కాలేజీలో ఇచ్చేసి వచ్చాను. బీఈడీ మూడో సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ అయిపోయింది. బడిలో చివరి రోజు నాలుగు మాటలు మాట్లాడమ్మా అంటే గొంతు పూడుకుపోయి రెండు ముక్కలు కూడా చెప్పలేకపోయాను, దండం పెట్టి కూర్చున్నాను. ఆ రోజు చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు, చదివితే ఎవరి గురించో వాళ్లకు తెలుస్తుంది.

2015 నుంచి బీఈడీ రెండేళ్ల కోర్సు అయింది కదా, అందులో మొత్తం 20 వారాలు బడిలో ఉండాలి, దాంట్లో 16 వారాలు రెండో ఏడాదిలోనే వస్తాయి. నాకు సూర్యాపేట జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్ వచ్చింది. నా మెథడ్, అంటే నేను బోధించడం నేర్చుకునే సబ్జెక్టు, గణితం. అంతకు ముందు కాలేజీలో సూక్ష్మబోధన చేశాం. ఆరు నిమిషాలు పాఠం, ఆరు నిమిషాలు లోపాలు చెప్పడం, పన్నెండు నిమిషాల్లో మళ్లీ ప్లాన్ రాసుకోవడం, ఇంకో ఆరు నిమిషాలు పాఠం, ఇంకో ఆరు నిమిషాలు సలహాలు, అంతా కలిపి 36 నిమిషాలు. అందులో పిల్లలుగా కూర్చునేది మా తోటివాళ్లే. ఏది అడిగినా టక్కున కరెక్టు జవాబు చెప్పేవాళ్లు. నాకు పాఠం చెప్పడం వచ్చేసిందని అక్కడే నమ్మేశాను.

ఏడో తరగతిలో మొదటి పీరియడ్, భిన్నాల కూడిక. 45 నిమిషాలకు రాసుకున్న ప్లాన్ ఇరవై నిమిషాల్లో అయిపోయింది. బడిలో నా పాఠాలు చూసి సలహాలిచ్చే మా గైడ్ సార్ వెనక బెంచీలో పిల్లల మధ్య కూర్చుని చూస్తున్నారు. క్లాసు అయ్యాక వరండాలో నిలబెట్టి, "నువ్వు చెప్పినదాంట్ల ఒక్కటి కూడా తప్పు లేదమ్మా. కానీ పిల్లలకు చెప్పలేదు, వెనక కూసున్న నాకు చెప్పినవ్" అన్నారు. ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. నిజమే, క్లాసంతా నా కళ్లు సార్ ముఖం మీదే ఉన్నాయి.

మూడో రోజు జరిగింది మాత్రం నేను ఎన్నేళ్లు ఈ పనిలో ఉన్నా మర్చిపోను. ఒకటి బై రెండు, ఒకటి బై మూడు కూడమంటే ఒక అమ్మాయి రెండు బై ఐదు అని రాసింది. నేను ఎర్ర పెన్నుతో ఇంటు పెట్టి, హారాలు వేరుగా ఉంటే క.సా.గు. తీయాలని చెప్పాను కదా అని నోట్సు తిరిగి ఇచ్చేశాను. సార్ చూశారు. "ఆ పిల్ల అట్ల ఎందుకు రాసిందో అడిగినవా?" అన్నారు. అడగలేదు సార్ అన్నాను. "పోయి అడుగు, నేను ఈడనే ఉంటా" అన్నారు.

అడిగితే ఆ అమ్మాయి భయపడుతూనే చెప్పింది. "మేడం, రెండు మార్కుల ప్రశ్నకు ఒక మార్కు వచ్చింది, మూడు మార్కుల దానికి ఒక మార్కు వచ్చింది, అప్పుడు మొత్తం ఐదుకు రెండే కదా?"

నాకు నోట మాట రాలేదు. పరీక్ష పేపర్లో మార్కులు కూడేది సరిగ్గా అలాగే. సార్‌కి వచ్చి చెబితే ఆయన ముఖం వెలిగిపోయింది. "చూసినవా, మార్కుల లెక్కల ఆ పిల్ల నూటికి నూరు కరెక్టు. ఈ లెక్క ఏడ వేరైతదో అది చూపియ్ రేపు" అన్నారు.

ఆ రాత్రి చార్టు కత్తిరించి పట్టీలు చేశాను, అన్నీ ఒకే పొడవు. మర్నాడు సగం పట్టీ ఆ అమ్మాయి చేతికిచ్చి, దాని పక్కన మూడో వంతు ముక్క పెట్టమన్నాను. సగం కన్నా పెరిగిందా తగ్గిందా అని అడిగితే పెరిగింది మేడం అంది. నువ్వు రాసిన రెండు బై ఐదు సగం కన్నా ఎక్కువా తక్కువా అన్నాను. కాసేపు వేళ్లు లెక్కబెట్టుకుని, తక్కువ అని తనే రబ్బరు తీసి చెరిపేసింది. మార్కులప్పుడు ఒక ప్రశ్న రెండు మార్కులది, ఇంకోటి మూడు మార్కులది, అంటే మొత్తాలే వేరు. ఇక్కడ పట్టీ ఒకే కొలత. ఆ తేడా నేను చెప్పకముందే వెనక నుంచి ఒకబ్బాయి చెప్పేశాడు. తర్వాత అదే పట్టీని ఆరు ముక్కలు చేస్తే సగానికి మూడు, మూడో వంతుకు రెండు, కలిపి ఐదు బై ఆరు. క.సా.గు. ఎందుకు తీస్తామో పిల్లలకే కాదు, నిజం చెబుతున్నా, నాకు కూడా ఆ రోజే కంటికి కనబడింది. పదేళ్లుగా అది తీస్తూనే ఉన్నాను.

అప్పటి నుంచి సార్ చెప్పినట్టు ఒక నోట్‌బుక్ పెట్టాను. పిల్లలు రాసిన తప్పు జవాబు ఒకవైపు, అడిగితే వాళ్లు చెప్పిన కారణం ఇంకోవైపు. కాలేజీకి ఇవ్వాల్సిన రికార్డుల్లో అది లేదు, దానికి మార్కులూ లేవు. కానీ ఈ సెమిస్టర్‌లో నేను నేర్చుకున్నదంతా దాంట్లోనే ఉంది సార్. మీరు ఒక్క రోజు కూడా పిల్లల ముందు నన్ను తప్పుపట్టలేదు, ఏది చెప్పినా వరండాలోనే చెప్పారు. దానికి వేరేగా థ్యాంక్స్.

నవంబర్ చాలా కష్టంగా గడిచింది. పత్తి ఏరడానికి పోయి పిల్లలు సగం మంది బడికి రావట్లేదు, పిల్లలు ఎంత నేర్చుకున్నారో చూసే అచీవ్‌మెంట్ టెస్ట్ పెడదామంటే రాసేవాళ్లు లేరు, అటు కాలేజీలో నా లెసన్ ప్లాన్లు వెనక్కి వస్తున్నాయి. ఒక ప్లాన్ నాలుగుసార్లు రాశాను. మా మెథడ్ మేడం మీద అప్పుడు కోపం వచ్చింది, దాచుకోను. మేడం, మీరు ప్రతిసారీ ఒకే ప్రశ్న రాసేవాళ్లు, "ఇక్కడ పిల్లలు ఏం చేస్తారు?" అని. నాలుగోసారికి నా ప్లాన్లో నేను చేసే పనుల కన్నా పిల్లలు చేసే పనులు ఎక్కువయ్యాయి. ఇప్పుడు అర్థమైంది. ఒక రాత్రి మానేస్తానని ఏడిస్తే, నాతోపాటే అదే బడిలో చేసిన నా ఫ్రెండ్ తన రికార్డు పక్కన పడేసి రాత్రి రెండింటి దాకా నాకు గ్రాఫులు గీసిపెట్టింది. తనది మర్నాడు లేటుగా ఇచ్చి మాటలు పడింది. నీ రుణం ఎలా తీర్చుకోవాలో నాకు తెలియదే.

పల్లె వెలుగు బస్సు కండక్టర్ అక్కకి కూడా థ్యాంక్స్ చెప్పాలి. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీలో ఫ్రీ కాబట్టి జీరో టికెట్ మీదే రోజూ తిరిగాను, లేకపోతే నెలనెలా బస్సు ఖర్చుకే అమ్మను అడగాల్సి వచ్చేది. ఆ ఫ్రీ ప్రయాణం మా ఇంటికి చాలా పెద్ద సాయం. అయితే చార్టులు నలిగిపోతాయని తన సీటు వెనక పెట్టించి, నేను ఊరి మలుపు నుంచి పరిగెత్తుకొస్తుంటే బస్సు ఆపించింది మాత్రం ఆ అక్కే. మధ్యాహ్నం నేను తినలేదని గమనించి పిలిచి అన్నం పెట్టిన వంట అక్కలకు, పొద్దున నాలుగున్నరకే లేచి నాకు డబ్బా కట్టిన అమ్మకు కూడా.

ఏడో తరగతి పిల్లలూ, దసరా సెలవుల ముందు బతుకమ్మ పేర్చిన రోజు మీరు నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్లి మీ మధ్య నిలబెట్టుకున్నారు. అప్పటి నుంచే మీరు నాకు భయపడకుండా కారణాలు చెప్పడం మొదలుపెట్టారు, నేను నోట్‌బుక్‌లో తారీఖులు చూసుకున్నాను.

భిన్నాల పట్టీల డబ్బా మీ క్లాసు బీరువాలో కింది అరలో పెట్టాను సార్. ఆరో వంతు ముక్కలు రెండు పోయాయి, మళ్లీ కత్తిరించి కవర్లో వేశాను. వచ్చే ఏడాది వచ్చే ట్రైనీలకు చూపించండి.