మన శరత్తుకి ప్లాస్టిక్ మేపుల్ ఆకులెందుకు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మా ఇంట్లో ఎప్పటినుంచో మీ పేపరే, అందుకే కొంచెం చనువు తీసుకుని రాస్తున్నా. పోయిన ఆదివారం ఆటమ్ సీజన్‌కి ఇంటిని ఎలా ముస్తాబు చేసుకోవాలో చెప్తూ రెండు పేజీలు వేశారు. ఎర్రటి మేపుల్ ఆకుల ప్లాస్టిక్ దండలు, కాషాయరంగు గుమ్మడికాయ బొమ్మలు, దాల్చినచెక్క వాసన కొవ్వొత్తులు, ఉన్ని కుషన్ కవర్లు, వాటి కింద రేట్లు. అవన్నీ కొంటే మాలాంటి ఇంట్లో ఒక నెల కిరాణా ఖర్చు దాటిపోతుంది. డబ్బు సంగతి అట్లుంచండి, మన దగ్గర ఈ కాలంలో ఆకులు రాలవు కదా సార్. మనకి ఆకులు రాలేది శిశిరంలో, సంక్రాంతి దాటినాక. ఇప్పుడు వానలు వెనకపట్టి, చెరువులు నిండి, చేన్ల గట్ల మీద గునుగు తెల్లగా, దాని పక్కనే తంగేడు పసుపుపచ్చగా విరగబూసే కాలం. ఆశ్వయుజం, కార్తీకం ఈ రెండు నెలలూ ఇల్లు అందంగా పెట్టుకోడానికి, ఇంట్లో నలుగురు కూర్చుని రకరకాలుగా వండుకు తినడానికి ఏడాదిలో ఇంతకన్నా మంచి టైమ్ ఇంకోటి లేదు, పైగా అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో అయ్యేది కూడా ఇప్పుడే. ఆ రెండు పేజీల్లో ఒక్క తంగేడు పువ్వు కూడా లేకపోయేసరికి మనసుకి బాధనిపించి ఈ ఉత్తరం.

మాది హనుమకొండ. మా దిక్కు పెత్రమాస, అంటే మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై దుర్గాష్టమికి సద్దుల బతుకమ్మతో అయిపోతుంది, తొమ్మిది రోజులు. 2014లో రాష్ట్ర పండగ అయ్యాక స్టేజీలు, లైట్లు, మైకులు పెరిగినయ్, మంచిదే, కానీ ఈ పండగ మొదటినుంచీ డబ్బుల్లేని వాళ్ల పండగ. ఇందులో వాడే పూలు చాలావరకు ఎవరూ పండించనివి, ఊళ్లో కొనక్కర్లేనివి. గునుగు రైతుకి కలుపు, తంగేడు బీడు భూముల్లో తనంతట తనే పెరిగే పొద, గుమ్మడిపువ్వు బీరపువ్వు పెరట్లో పాదువి, కట్లపూలు కంచెకి పాకినవి. కొనాల్సింది మహా అయితే బంతి, చామంతి, అవి కూడా జూన్‌లో పెరట్లోనో కుండీల్లోనో నాలుగు మొక్కలు వేసుకుంటే కొనక్కర్లేదు. పండగ ముందురోజు పూల మార్కెట్లో బంతి రేటు ఎట్లుంటదో అందరికీ తెలుసు, పండగ మర్నాడు అదే బంతి కుప్పలు ఎవరూ అడగక అక్కడే వాడిపోవడం కూడా చూస్తూనే ఉంటాం.

గునుగు గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే టౌన్లో పుట్టిన పిల్లలకి దీని విలువ తెలియట్లేదు. కోసుకొచ్చాక ఆకులు దూసేసి, కాడలు ఒకే పొడుగుకి కత్తిరించి, గుప్పెడు గుప్పెడుగా దారంతో కట్టి, చివర్లు రంగునీళ్లలో ముంచి ఆరబెడతాం, గులాబీ, నీలం, ఆకుపచ్చ ఇట్లా. గుమ్మడి ఆకులు పరిచిన తాంబాలంలో ఒక వరస తంగేడు ఒక వరస గునుగు పేరుస్తూ పోతుంటే బతుకమ్మ పైకి లేస్తుంది, లోపల ఖాళీ లేకుండా ఆ తెంపిన ఆకులూ కాడలే కూరుతాం, ఏదీ పారెయ్యం. ఇంక ఇల్లు అలంకరించే సంగతి. కొన్ని గునుగు కట్టలు రంగు వెయ్యకుండా పక్కన పెట్టి, నీడలో తలకిందులుగా వేలాడదీస్తే కాడ నిటారుగా ఎండుతుంది, పువ్వు రాలదు, ఆ తెలుపులో సన్నటి గులాబీ జీర అట్లనే ఉంటుంది. ఒక రాగి చెంబులోనో, పాత పచ్చడి జాడీలోనో పెట్టి హాల్లో మూలకి ఉంచితే సంక్రాంతి దాకా ఢోకా లేదు. మా ఇంటికి వచ్చినవాళ్లు ఏ షాపులో కొన్నారు అని అడుగుతారు. సీతజడ పూలు కూడా ఇట్లనే ఎండబెట్టుకోవచ్చు, ఆ ముదురు ఎరుపు బాగా నిలుస్తుంది.

దసరాకి గుమ్మానికి కట్టిన బంతి దండలు తీసి చెత్తలో వెయ్యొద్దని నా మనవి. అట్లనే వేలాడనిచ్చి బాగా ఎండనిస్తే లోపల నల్లటి సన్న గింజలు దొరుకుతాయి, నాటు బంతి అయితే కాగితం పొట్లం కట్టి దాచి తొలకరికి చల్లుకోవచ్చు. గడపకి జాజు, అదే ఎర్రమట్టి, పూసి దానిమీద సున్నంతో గీతలు పెడితే చాలు, ఇంటికి వచ్చే కళ వేరే. జాజు ఖర్చు ఎంత, సున్నం ఖర్చు ఎంత!

వంట సంగతికి వస్తా. మీ పేజీలో గుమ్మడికాయ సూపు, యాపిల్ పై ఇచ్చారు. తినేవాళ్లు తింటారు, నాకేం అభ్యంతరం లేదు. కానీ బతుకమ్మ తొమ్మిది రోజుల నైవేద్యాలు ఒకసారి వరసగా చూడండి. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, బియ్యప్పిండితో వేపకాయల్లా చేసి వేయించినవి, నువ్వులు బెల్లం వెన్న కలిపిన ముద్దలు. ఆరో రోజు అమ్మవారు అలిగిందని ఏమీ పెట్టం. ఇందులో స్పెషల్‌గా బజారుకి పోయి తేవాల్సింది ఒక్కటైనా ఉందా? అన్నీ డబ్బాల్లో ఉండేవే. సద్దుల రోజైతే ఒకేసారి పెద్ద గిన్నెలో పలుకు మీద అన్నం వండి, తాంబాలంలో ఆరబోసి, ఐదు భాగాలు చేసి ఐదు రుచులు, చింతపండు పులిహోర, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వులు, పెరుగు. ఒక్క పొయ్యి మీద ఒక పూటలో ఊరందరికీ పంచేంత అవుతుంది.

నువ్వుల సద్ది చాలామంది చేదు వస్తుందని మానేస్తున్నారు. నూనె లేకుండా సన్న సెగ మీద వేయించాలి, చిటపటలాడడం మొదలవ్వగానే దించెయ్యాలి, ఎర్రగా అయ్యేదాకా ఆగితే చేదే. ఎండుమిరపకాయలు విడిగా వేయించుకుని, చల్లారినాక ఉప్పుతో కలిపి రోట్లో బరకగా దంచితే బాగుంటుంది, మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పండి, ఆపకుండా తిప్పితే నూనె వదిలి ముద్దయిపోతుంది. అన్నం వేడి తగ్గాక కలిపి పైన పోపు. ఆ వాసనకి పక్కింటి పిల్లలు కూడా గిన్నెలు పట్టుకుని వస్తారు. దాంతోపాటు మలీద, అంటే రొట్టె వేడిమీదుండగానే చిన్నగా చిదిపి బెల్లం, నెయ్యి వేసి మెత్తగా పిసికి ముద్దలు కట్టడం. గోధుమ రొట్టెతో చేస్తారు, జొన్న రొట్టె సజ్జ రొట్టెతో కూడా చేస్తారు, మా అమ్మ సజ్జతో చేసిన మలీద రుచి నాకు ఇప్పటికీ ఏ స్వీటు షాపులో దొరకలేదు. సత్తుపిండి సరేసరి, పల్లీలు, నువ్వులు, పెసలు, మక్కలు దేనికది వేయించి పొడి కొట్టి బెల్లమో చక్కెరో కలపడమే.

ఇంకా ఈ కాలంలో మక్కకంకులు కొంచెం ముదిరినవి వస్తాయి. కాల్చుకోడానికి గట్టిగా ఉంటాయని వదిలేస్తారు గానీ గారెలకి అవే కరెక్టు, పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర వేసి చుక్క నీళ్లు లేకుండా బరకగా రుబ్బి వేస్తే కరకరలాడతాయి. సీతాఫలాలు కూడా ఇప్పుడే. పాలమూరు గుట్టల కాయలు గంపలకొద్దీ దిగుతాయి, కన్ను విచ్చిన గట్టికాయలు చూసి తెచ్చి బియ్యం డబ్బాలో పెడితే పండుతాయి, పండిన కాయల కంటే చాలా చవకగా వస్తాయి కూడా. పాయసం చేసేవాళ్లకి ఒక మాట, పాలు మరిగించి పూర్తిగా చల్లార్చినాకే గుజ్జు కలపండి, పొయ్యి మీద పెట్టి ఉడికిస్తే చేదెక్కుతుంది.

మా కోడలిది కోనసీమ. ఆ అమ్మాయి వచ్చాక మా ఇంట్లో దసరాకి బొమ్మల కొలువు కూడా పెడుతున్నాం, బతుకమ్మ నాది, కొలువు తనది. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలంటుంది, మూడో ఐదో, దానికి చెక్క మెట్లు చేయించలేదు, ట్రంకు పెట్టె, స్టూలు, పాత పుస్తకాల కట్టలు ఒకదాని వెనక ఒకటి పెట్టి నా పాత నారాయణపేట చీర పరిచాం. తను పుట్టింటినుంచి తెచ్చుకున్న కొండపల్లి ఏనుగు అంబారీ, తాటిచెట్టు గీతకార్మికుడు, కొన్ని ఏటికొప్పాక లక్క బొమ్మలు, వాటి మధ్యలో మావాడి చిన్నప్పటి ప్లాస్టిక్ కారు కూడా ఉంటుంది. కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి చెక్కతో, ఏటికొప్పాక బొమ్మ అంకుడు కర్రతో చేస్తారని నాకు తనే చెప్పింది. ఏటికి ఒక్క బొమ్మ చేర్చుకుంటూ పోతే చాలు, అదీ ఆ చేసేవాళ్ల దగ్గరే కొంటే వాళ్ల పొయ్యి కూడా వెలుగుతుంది. తర్వాత అట్లతద్దికి తెల్లారకముందే లేచి గోంగూర పచ్చడితో సద్దన్నం, సాయంత్రం చంద్రుణ్ణి చూశాక అట్ల వాయనం. దీపావళికి మట్టి ప్రమిదలు, ముందురోజు రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరబెట్టుకుంటే నూనె పీల్చవు, పోయినేడు ప్రమిదలే కడిగి మళ్లీ వాడొచ్చు. నాగుల చవితికి చిమ్మిలి, చలిమిడి, కార్తీకంలో ఉసిరి చెట్టు కింద భోజనాలు, ఆ ఉసిరికాయలతోనే ఏడాదికి సరిపడా పచ్చడి. ఇన్ని ఉన్నాయి సార్ మనకి.

మా చెల్లెలి కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. అక్కడ గునుగు, తంగేడు ఎక్కడ దొరుకుతాయి, సూపర్ మార్కెట్లో కుండీల్లో అమ్మే చామంతులు, అక్కడి గులాబీలతో బతుకమ్మ పేరుస్తారు, వాకిట్లో అక్కడి గుమ్మడికాయలు పెడతారు, రోడ్డు మీద రాలిన నిజం మేపుల్ ఆకులు ఏరి తాంబాలం చుట్టూ పరుస్తారు. అది వాళ్ల ఊరి కాలం, వాళ్ల వాకిట్లో దొరికేది, ఎంత ముద్దుగా ఉంటుందో ఫొటోల్లో. మనం మాత్రం వాకిలి దాటితే దొరికే పూలు వదిలేసి ఆ ఆకుల్ని ప్లాస్టిక్‌లో చేయించి కొనుక్కోవడం, మూడు వారాలయ్యాక చెత్త బండిలో వెయ్యడం, ఇది నాకు మింగుడు పడట్లేదు.

ఇంకో సంగతి పేపరు వాళ్లుగా మీరే పట్టించుకోవాలి. గునుగు తగ్గిపోతోంది. చేన్లల్లో కలుపు మందు కొడుతున్నారు, రైతుని తప్పు పట్టలేం, కూలి ఖర్చు అట్లుంది. ఊరి చుట్టూ బీడు భూములన్నీ ప్లాట్లయినయ్, తంగేడు పొదలు జేసీబీతో లేపేస్తున్నారు. తంగేడు మన రాష్ట్ర పుష్పం అని బడిలో పిల్లలు బట్టీ కొడతారు, చెట్టు చూపించమంటే చూపించలేరు. కోసేవాళ్లు కూడా కొమ్మలకి కొమ్మలు విరిచి మోటార్ సైకిళ్ల మీద టౌనుకి తెస్తున్నారు, పువ్వుల రెమ్మ వరకు తుంచితే చెట్టు మళ్లీ పూస్తుంది కదా. మున్సిపాలిటీ వాళ్లు డివైడర్ల మీద ఎక్కడెక్కడి మొక్కలో తెచ్చి ట్యాంకర్లతో నీళ్లు పోస్తున్నారు, నీళ్లు పొయ్యకపోయినా బతికే తంగేడు అక్కడ పెడితే ఏమవుతుంది? చెరువు కట్టల పక్కన కొంత జాగా గునుగుకి వదిలితే ఏమవుతుంది?

కాబట్టి ఎడిటర్ గారూ, వచ్చే ఆదివారం పేజీలో మీ విలేకర్లు ఒక్కో జిల్లా నుంచి ఒక్కో ఇంటి వంట, ఒక్కో ఇంటి అలంకరణ పంపేట్లు చూడండి. పాలమూరు వాళ్లు ఏం చేస్తారు, శ్రీకాకుళం వాళ్లు ఏం చేస్తారు, రాయలసీమలో దసరాకి ఏం వండుతారు, నాకైతే తెలుసుకోవాలని ఉంది. పూల ఫొటోలు పేర్లతో సహా కలర్‌లో వెయ్యండి, పిల్లలు కత్తిరించి దాచుకుంటారు. షాపుల రేట్లు వేసే చోట బంతి విత్తనం ఎప్పుడు చల్లాలో వెయ్యండి. నువ్వుల సద్ది, మలీద కొలతలతో సహా రాసి పంపమంటే ఈ వారంలోనే పంపిస్తా.

ఇట్లు
ఒక పాఠకురాలు
హనుమకొండ