లెక్లెర్ అశ్వికదళం మనిషి

సంపాదక మహాశయులకు,

గత ఆదివారం అనుబంధంలో రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల నుంచి పారిస్ విముక్తి గురించి వచ్చిన వ్యాసం ఫ్రెంచి జనరల్ లెక్లెర్‌ను ‘ట్యాంకుల సేనాని’ అని పరిచయం చేసి ఊరుకుంది. మాట తప్పు కాదు గానీ, ఆయన అశ్వికదళ అధికారి అన్న సంగతి వదిలేస్తే ఆయన యుద్ధరీతి బోధపడదు.

సోమూర్ అశ్వికదళ పాఠశాలలో శిక్షణ పొందిన ఆయన అసలు పేరు ఫిలిప్ ద ఓత్‌క్లోక్. 1936లో గుర్రం మీద నుంచి పడి కాలు విరిగింది; యుద్ధకాలపు ఫొటోల్లో చేతికర్ర కనిపించేది అందుకే. 1940లో రెండుసార్లు జర్మన్లకు చిక్కి, రెండుసార్లూ తప్పించుకుని, లండన్ చేరి, జర్మనీకి లొంగకుండా పోరు సాగిస్తున్న జనరల్ ద గోల్ పక్షాన నిలిచినప్పుడు, ఫ్రాన్స్‌లో ఉండిపోయిన భార్యకూ ఆరుగురు పిల్లలకూ ముప్పు రాకూడదని లెక్లెర్ అన్న మారుపేరు పెట్టుకున్నారు. (అప్పటికి ఫ్రెంచి పాలనలో ఉన్న మా యానాం కూడా ఆ ఏడాదే, పుదుచ్చేరితో పాటు, ద గోల్ వైపు వచ్చింది.)

శత్రువు ఎదురుచూడని దారిన వేగంగా వెళ్లి, పక్క నుంచి దెబ్బతీసి, అతను తేరుకునేలోగా ఇంకోచోట తేలడం అశ్వికదళం పని. 1941 ఆరంభంలో చాద్ నుంచి లారీల్లో ఎడారి దాటి, లిబియాలోని కుఫ్రా ఒయాసిస్సులో ఇటాలియన్ల కోటను ముట్టడించినప్పుడు ఆయన దగ్గరున్నది సుమారు నాలుగు వందల మంది, ఒకే ఒక్క 75 మి.మీ. ఫిరంగి. దాన్ని ఒకచోట పేల్చి, వెంటనే మరోచోటికి లాక్కెళ్లి మళ్లీ పేలుస్తూ, ఫిరంగులు చాలా ఉన్నాయని కోటలోని వారిని నమ్మించారు. మార్చి 1న కోట లొంగిపోయింది. జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రెంచి నగరం స్ట్రాస్‌బర్గ్‌లోని కథీడ్రల్‌పై (పెద్ద చర్చిపై) తమ జెండా ఎగిరేదాకా ఆయుధం దించబోమని అక్కడే ప్రమాణం చేశారు.

1944 ఆగస్టులో ఆయన డివిజన్ పారిస్‌లో ప్రవేశించిన సంగతి మీ వ్యాసంలో ఉన్నదే. నవంబరులో మాత్రం, స్ట్రాస్‌బర్గ్‌కు దారితీసే సవెర్న్ కనుమను జర్మన్లు కట్టుదిట్టం చేసుకుని కూర్చుంటే, దానికి ఎదురెళ్లకుండా, ఇరువైపులా ఉన్న ఇరుకు కొండదారుల్లో ట్యాంకులను నడిపించి 23న స్ట్రాస్‌బర్గ్‌లో ప్రవేశించారు. కథీడ్రల్ శిఖరంపై జెండా కట్టింది ఒక స్పాహీ. ఉత్తరాఫ్రికా అశ్విక పటాలాలకున్న ఆ పేరూ, మన సిపాయీ ఒకే పారశీక పదం నుంచి పుట్టాయి. అప్పటికి వాళ్లు గుర్రాలు దిగి సాయుధ శకటాలెక్కారు.

ఇంకొక లోటు. కుఫ్రాలో పోరాడినవారిలో అధికులు ఆఫ్రికన్లు. 1943లో మొరాకోలో లెక్లెర్ డివిజన్ ఏర్పడినప్పుడు మాత్రం నల్లజాతి సైనికులను పక్కన పెట్టారు. కనుక కుఫ్రాలో ఆ ప్రమాణం నాడు ఆయన వెంట నిలిచినవారిలో చాలామందికి స్ట్రాస్‌బర్గ్ వెళ్లే యోగమే లేకపోయింది. ఆ వ్యాసాన్ని పుస్తకంగా వేసే ఆలోచన ఉంటే ఈ రెండు విషయాలూ చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు,
యానాం