చెరువు గట్టు మీది రేటు: కేంద్ర వాణిజ్య మంత్రి గారికి ఒక రొయ్యల రైతు బహిరంగ లేఖ

2025 సెప్టెంబరు

కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖ మంత్రి గారికి,
నమస్కారాలు.

నేను భీమవరం దగ్గర ఒక పల్లెటూళ్ళో నాలుగెకరాలు లీజుకి తీసుకుని వనామీ రొయ్య సాగు చేస్తున్నాను. ఈ ఏప్రిల్ మొదటి వారంలో నా చెరువు పట్టుబడికి వచ్చింది. ముందు రోజు సాయంత్రం కొనే ఆయనతో ఫోన్లో రేటు మాట్లాడుకున్నాం. తెల్లారేసరికి వలలు, ఐసు బండి, మనుషులు అన్నీ గట్టు మీదికి వచ్చేశాయి. నీళ్ళు సగం దించాక ఆయన నన్ను పక్కకి పిలిచి, "అమెరికా టారిఫ్ వేసిందండీ, కిలోకి నలభై తగ్గించుకోవాలి" అన్నాడు.

నీళ్ళు దించిన చెరువులో రొయ్యని ఉంచలేం. ఎండెక్కితే ఆక్సిజన్ పడిపోతుంది, మధ్యాహ్నానికి సరుకంతా పాడైపోతుంది. బేరం ఆడే టైం నాకు లేదని ఆయనకి తెలుసు. సరే అన్నాను. ఎనిమిది టన్నులు పట్టాం. కిలోకి నలభై చొప్పున మూడు లక్షల ఇరవై వేలు ఆ పొద్దుటే పోయాయి.

మన సరుకుల మీద 26 శాతం సుంకం అని అమెరికా అధ్యక్షుడు ప్రకటించింది ఏప్రిల్ 2న. 9వ తేదీన 10 శాతం మాత్రం ఉంచి, మిగతాది మూడు నెలలు వాయిదా వేశారు. నా రొయ్య అప్పటికింకా ప్లాంటు కోల్డ్ స్టోరేజీలోనే ఉండి ఉంటుంది. ఇక్కడ ఎక్కించిన కంటైనర్ అమెరికా చేరడానికి నెల పైనే పడుతుంది. అంటే నా సరుకు మీద ఇంకా పడని సుంకానికి నేను ముందే డబ్బు కట్టాను. వాయిదా వార్త వచ్చాక ఆ తగ్గించిన నలభైలో ఒక్క రూపాయి కూడా వెనక్కి రాలేదు. మీ ముందు పెట్టాలనుకుంటున్నది ఈ సంగతే. తగ్గింపు అయితే వాషింగ్టన్ నుంచి మా చెరువు గట్టుకి ఒక్క రాత్రిలో చేరుతుంది, పెరుగుదలకి మాత్రం దారి దొరకదు.

ఆగస్టులో ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. 7న 25 శాతం, రష్యా చమురు కొంటున్నామని 27న మరో 25 శాతం. మరీ చవకగా తెచ్చి అమ్ముతున్నామని అమెరికా వేసే యాంటీ డంపింగ్ సుంకం 2005 నుంచి ఉన్నదే. మన ప్రభుత్వం సబ్సిడీలిస్తోందన్న పేరుతో 2024లో తేల్చిన 5.77 శాతం ఇంకొకటి. అన్నీ కలిపితే 58 శాతం దాటుతోంది. మాతో పోటీపడే ఈక్వెడార్‌కి 15 శాతం, ఇండోనేషియాకి 19, వియత్నాంకి 20. రాష్ట్ర ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు ఈ నెలలోనే కేంద్రానికి లేఖలు రాశారు. ఎగుమతి ఆర్డర్లు సగం దాకా రద్దయ్యాయని, నష్టం 25 వేల కోట్లు ఉండొచ్చని వాటిలో చెప్పారు.

రష్యా దగ్గర చమురు కొనడం మంచిదా కాదా అనేది నాలాంటివాడు తేల్చే విషయం కాదు. దేశం ఆలోచించి తీసుకున్న నిర్ణయం అది. ఆ చమురు మీద బస్సులు, లారీలు, నా జనరేటర్ కూడా తిరుగుతాయి. కానీ దేశమంతటికీ మేలు చేసే నిర్ణయానికి అయ్యే ఖర్చుని దేశమంతా మోయాలి కదండీ. రొయ్యల రైతు, సూరత్‌లో వజ్రాలు సానపట్టే కార్మికుడు, తిరుప్పూర్‌లో కుట్టుమిషను దగ్గర కూర్చున్న అమ్మాయి, ఈ ముగ్గురే మోయాలంటే ఎట్లా?

ప్రపంచంతో వ్యాపారమే వద్దని నేను అనను. అంటే అబద్ధం చెప్పినవాణ్ణవుతాను. మా నాన్న వరి మానేసి టైగర్ రొయ్య వేశారు. 1990ల నడుమ తెల్లమచ్చల వ్యాధి వచ్చి చెరువులు చెరువులే తుడిచిపెట్టుకుపోయాయి. ఆ అప్పు తీరడానికి మా ఇంట్లో పదేళ్ళు పట్టింది. 2009లో వనామీకి అనుమతి వచ్చాకే మా ఊరు మళ్ళీ లేచింది. వనామీ మన రొయ్య కాదు, లాటిన్ అమెరికా పసిఫిక్ తీరంలోది. దాని తల్లి రొయ్యలు ఇప్పటికీ అమెరికా నుంచి విమానంలో చెన్నై వచ్చి, క్వారంటైన్ అయ్యాకే రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలకు చేరతాయి. పెట్టే మేతలో చేపపొడి, సోయా ఉంటాయి, వాటి రేట్లూ ప్రపంచ మార్కెట్టుని బట్టే ఆడతాయి. తల్లి అక్కడిది, తినేవాళ్ళు అక్కడివాళ్ళు. మధ్యలో నీళ్ళు, కరెంటు, అప్పు, నిద్ర లేని రాత్రులు మావి. వీటితోనే మా ఊళ్ళో పిల్లలు ఇంజినీరింగ్ చదివారు, పెంకుటిళ్ళు డాబాలయ్యాయి. ఆ మాట ఒప్పుకుని తీరాలి.

అమెరికాలో లూసియానా, టెక్సస్ తీరాల్లో పడవల మీద రొయ్య పట్టేవాళ్ళున్నారు. మన చవక రొయ్య వెళ్ళి వాళ్ళ రేటు పడగొట్టింది. యాంటీ డంపింగ్ కేసు వేసింది వాళ్ళ సంఘమే. వాళ్ళ మీద నాకు కోపం లేదు. అప్పు తీరక పడవ అమ్ముకునే మనిషి బాధ నాకు తెలుసు. కాకపోతే వాళ్ళు ఒక్కటై, లెక్కలు పట్టుకుని వాళ్ళ ప్రభుత్వం తలుపు తట్టారు. రెండు దశాబ్దాలుగా ఆ కేసు వదల్లేదు. మా తరఫున మాత్రం మాట్లాడేది ఎగుమతిదారులే. వాళ్ళ కష్టాలు వాళ్ళకి ఉన్నాయి, కాదనను. కానీ చెరువు దగ్గర వాళ్ళ లాభం, నా లాభం ఒకటి కావు.

2024-25లో మన దేశం 62,408 కోట్ల రూపాయల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసింది. అందులో 43 వేల కోట్లకు పైగా రొయ్యదే. 7.41 లక్షల టన్నుల రొయ్య బయటికి వెళితే, 3.11 లక్షల టన్నులు ఒక్క అమెరికాకే వెళ్ళాయి. ఈ అంకెలు మీ శాఖ కింద ఉన్న సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ ఎంపెడా ఇచ్చినవే, మీకు తెలియనివి కావు. అంకెల్లో కనబడని మనుషుల గురించి ఒక మాట చెప్తాను.

మా వీధిలో ఒక చెల్లెమ్మ ప్రాసెసింగ్ ప్లాంటుకి వెళుతుంది. తెల్లవారుజామున నాలుగున్నరకి వీధి చివర ప్లాంటు బస్సు హారన్ కొడుతుంది. టిఫిన్ బాక్సు పట్టుకుని ఇరవై మంది ఆడవాళ్ళు ఎక్కుతారు. అక్కడ రోజంతా నిలబడి, ఐసు నీళ్ళలో చేతులు పెట్టి, తల తీసి, పొట్టు వలిచి, వీపు మీది నల్ల నరం లాగాలి. గ్లౌజులు వేసుకున్నా వేళ్ళ చివర చర్మం తెల్లగా నానిపోయి లేస్తుంది. రాత్రి కూర కలుపుకుంటే కారం మండుతుందని స్పూనుతో తింటుంది. ఆ డబ్బుతోనే కూతురు నర్సింగ్ చదువుతోంది. ఆగస్టుకి ముందు, వారంలో ఆరు రోజులు పని ఉండేది. ఇప్పుడు మూడు రోజులు. బస్సు రాని రోజు కూడా అలవాటు కొద్దీ నాలుగింటికే మెలకువ వచ్చేస్తోందట. మొన్న, "అన్నయ్యగారూ, ట్రంపు మనసు మార్చుకుంటే మళ్ళీ రోజూ బస్సు వస్తుందంటారా?" అని అడిగింది. ఏం చెప్పను? ఆ ప్లాంటులో శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు ఇప్పటికే మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయారు.

అయ్యా, మాకు ముందుగా కావలసింది రేటు. కౌంట్ల వారీగా, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదాన్ని బట్టి, రోజూ ఒక రేటు ప్రకటించాలి. దాన్ని తేల్చే చోట ఎగుమతిదారుతో పాటు చెరువు రైతు కూడా కూర్చోవాలి. తగ్గిస్తే ఎందుకు తగ్గించారో, ఏ తేదీ సరుకు మీద తగ్గించారో రాతపూర్వకంగా చెప్పాలి. సుంకం అమల్లోకి రాకముందే రేటు కోస్తే అడిగే అధికారి ఒకరుండాలి. ఇది జరగని పని కాదు. ఒకప్పుడు కోడిగుడ్ల రైతులదీ ఇదే పరిస్థితి, వ్యాపారి చెప్పిందే రేటు. 1982లో హైదరాబాదుకి చెందిన డాక్టర్ బి.వి.రావు గారు రైతుల్ని కూడగట్టి నెక్ అనే జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ పెట్టారు. గుడ్డు రేటు రైతు చెప్పడం అప్పుడు మొదలైంది. టీవీలో "సండే హో యా మండే" అంటూ దేశమంతటికీ గుడ్డు తినడం అలవాటు చేసిందీ వాళ్ళే. రొయ్యకి అలాంటి సంస్థ పెట్టడానికి మేం సిద్ధం. మొదటి రెండు మూడేళ్ళు ఎంపెడా మాకు చెయ్యందించాలి.

రెండోది, సాయం అట్టడుగున ఉన్న మా దాకా రావాలి. వడ్డీ రాయితీ, గ్యారంటీ అప్పు అనేవి బ్యాంకులో ఖాతా ఉన్న ఎగుమతి కంపెనీకి అందుతాయి. లీజు రైతుకి పట్టా లేదు కాబట్టి బ్యాంకు లేదు. మేత షాపులో అరువు తెచ్చుకుంటాం, నగదుకి ఒక రేటు, అరువుకి ఒక రేటు. పంట ఎప్పుడు పట్టాలో, ఎవరికి అమ్మాలో కూడా చాలాసార్లు ఆ అప్పే తేలుస్తుంది. మీరు ఏ ప్యాకేజీ ఇచ్చినా, అందులో ఇంత వాటా లీజు రైతుకి, ఇంత వాటా పని పోయిన ప్లాంటు కార్మికులకి అని ముందే విడిగా రాసి పెట్టండి.

వేరే దేశాల మార్కెట్ల సంగతి మీకే బాగా తెలుసు. జులై 24న బ్రిటన్‌తో ఒప్పందం సంతకం చేశారు, సంతోషం. అది త్వరగా అమల్లోకి రావాలి. యూరప్ మాత్రం యాంటీబయాటిక్ అవశేషాల భయంతో మన సాగు రొయ్య సరుకులో సగాన్ని ఆపి పరీక్షిస్తోంది. ఇందులో మా తప్పు కూడా ఉంది. వ్యాధి వస్తే షాపువాడు ఏ మందు ఇస్తే అది పోసేసే రైతులు మాలో ఉన్నారు. మండలానికో ల్యాబ్ పెట్టి, పట్టుబడికి వారం ముందు తక్కువ ఖర్చుతో పరీక్ష చేయిస్తే మేమే దారికి వస్తాం.

ఇక మన దేశంలో మాట. హైదరాబాదులో వీధికో చికెన్ షాపు ఉంది. రొయ్య కొనాలంటే చేపల మార్కెట్టుకి వెళ్ళాలి, శుభ్రం చేయించుకోవాలి, తాజాదో కాదో తెలియదు. మా చుట్టాలు అక్కడ కిలోకి ఇచ్చే ధర వింటే నాకు గుండె తరుక్కుపోతుంది, నాకు ఇక్కడ వచ్చేదానికీ దానికీ అంత తేడా. ఇంత పెద్ద దేశం ఇంటికి నెలకో పావుకిలో తిన్నా మేం ఒక్క దేశం వైపే చూస్తూ కూర్చోనక్కర్లేదు. ఐసు బండ్లు, నగరాల్లో కోల్డ్ స్టోరేజీలు, పొట్టు తీసిన చిన్న ప్యాకెట్లు, వీటికి డబ్బు పెట్టండి. ఆ ప్యాకెట్లు వలిచేది మళ్ళీ మా వీధి ఆడవాళ్ళే.

ఇప్పుడు నా చెరువు ఎండగట్టి, సున్నం చల్లి ఉంది. దసరా వెళ్ళాక సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, వేయాలి. మా చుట్టుపక్కల కొందరు ఈసారి పంట విరామం అంటున్నారు. లీజు డబ్బులు ముందే కట్టేశాను కాబట్టి నాకు ఆ వీలు కూడా లేదు. హేచరీ వాళ్ళు సీడ్‌కి అడ్వాన్సు అడుగుతుంటే ఈ నెలాఖరు దాకా ఆగమన్నాను.

ఇట్లు,
ఒక వనామీ రైతు,
పశ్చిమ గోదావరి జిల్లా