నానమ్మ నక్తం, నీ నాఖ్ట్

అమ్ములూ,

నువ్వు ఫార్వర్డ్ చేసిన మెసేజ్ చదివాను. జర్మన్‌లో ఎనిమిది 'ఆఖ్ట్', రాత్రి 'నాఖ్ట్'. ఇంగ్లీషులో ఎయిట్, నైట్. ఇటాలియన్‌లో ఒత్తొ, నొత్తె. ఎనిమిదికి ముందు 'న' చేరిస్తే రాత్రి అవుతుందనీ, అందులో ఏదో రహస్యం ఉందనీ రాశారు. "నిజమేనా నాన్నా?" అన్నావు. కాదమ్మా. ఎందుకు కాదో చెప్పే సాక్ష్యం మనింట్లోనే ఉంది.

కార్తీకంలో నానమ్మ పగలంతా ఉపవాసముండి, చుక్కలు కనబడ్డాకే తింటుంది కదా. "ఇవాళ నక్తం" అంటుంది. నక్తమంటే రాత్రి. నీ జర్మన్ నాఖ్ట్, ఈ నక్తం ఒక తల్లి పిల్లలే. మరి సంస్కృతంలో ఎనిమిది? అష్ట. నక్త, అష్ట పక్కపక్కన పెట్టి పలికి చూడు, ప్రాస లేనే లేదు! సంస్కృతం, లాటిన్, జర్మన్ అన్నీ పుట్టిన మూలభాషలో ఆ రెండు మాటల్లోని 'క'లు వేరు. రాత్రిలోది పెదవులు గుండ్రంగా చుట్టి పలికేది, ఎనిమిదిలోది నాలుకను ముందుకు జరిపి అంగిలి దగ్గర పలికేది. సంస్కృతంలో ఆ తేడా నిలిచింది. జర్మన్, లాటిన్ వైపు రెండూ ఒకటైపోయాయి. అక్కడ వినిపించే ప్రాసకు కారణం అంతే.

జర్మన్, ఇంగ్లీషు, స్వీడిష్‌లకు తల్లి అయిన ప్రోటో-జర్మానిక్‌లో గ్రంథాలేవీ లేవు. పిల్లభాషల మాటలను పోల్చి, రాత్రికి 'నహ్ట్స్' అన్న రూపాన్ని పండితులు తిరిగి కట్టారు. 4వ శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ గోథిక్ అనే పాత జర్మానిక్ భాషలోకి తెచ్చిన బైబిల్లోనూ రాత్రి నహ్ట్సే. నాకు ఇది చదివినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది. పాత 'క' జర్మానిక్‌లో 'హ' అవుతుందన్న సూత్రాన్ని 1822లో వివరంగా చెప్పింది యాకోబ్ గ్రిమ్. చిన్నప్పుడు నీకు చెప్పిన కథల గ్రిమ్ సోదరుల్లో పెద్దాయన. ఆ 'హ' జర్మన్‌లో ఇంకా గొంతులో గరగరలాడుతోంది. ఇంగ్లీషులో మాత్రం నోటి నుంచి జారిపోయి, 'జీహెచ్' అన్న స్పెల్లింగుగా మిగిలింది.

ఇంకొకటి. జర్మానిక్ ప్రజలు పగళ్లను కాక రాత్రులను లెక్కపెట్టేవారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ క్రీ.శ. 98 ప్రాంతంలో రాశాడు. ఇంగ్లీషువాళ్లు రెండు వారాలను 'ఫోర్ట్‌నైట్' అంటారు చూడు, అది పద్నాలుగు రాత్రులే.

సోమవారం చీకటిపడ్డాక నానమ్మకు ఫోన్ చెయ్యి. నీ నోట ఆ నాఖ్ట్ వినాలని అడుగుతోంది.

ప్రేమతో,
నాన్న