కొత్త పోర్టు సరే, బందరు కోట మాటేమిటి?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మచిలీపట్నంలో కొత్త పోర్టు పనులు జరుగుతున్నందుకు మా ఊళ్లో అందరం సంతోషంగా ఉన్నాం. ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా అదే మాట. పాత రేవుకు కాపలా కాసిన బందరు కోటను ఈ హడావుడిలో మరిచిపోవద్దని చెప్పడానికే ఈ ఉత్తరం.

పోయిన ఆదివారం మా అమ్మాయిని కోటకు తీసుకెళ్లాను. పాత ఆయుధాగారం గోడ మీద చెయ్యి వేస్తే ఇటుక పొడి అరచేతికి అంటుకుంది. పగుళ్లలో రావి మొక్కలు. ఒకదాని వేరు నా బొటనవేలంత లావైంది, ఇటుకల మధ్య సున్నాన్ని బయటికి నెట్టేసింది. "కోట అన్నావు, కొండేది నాన్నా?" అంది మా అమ్మాయి. కొండవీడు, గోల్కొండ చూసిన పిల్ల మరి.

ఈ కోటకు కొండ లేదు. చుట్టూ ఉన్న ఉప్పు బురదే దాని బలం. మన కలంకారీ బట్టల కోసం డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లిషువాళ్లు, ఆ తరవాత ఫ్రెంచివాళ్లు ఈ రేవుకు వచ్చారు. 1750లో బందరు ఫ్రెంచివాళ్ల చేతికొచ్చింది. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర వాళ్లను ఓడించిన ఇంగ్లిషు సేనాని కర్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనందరాజు సైన్యంతో కలిసి ఇక్కడిదాకా వచ్చాడు. చేతిలో డబ్బు లేదు, జీతాలు అందక సైనికులు గొడవ చేశారు, మందుగుండు అడుగంటింది. వెనక నుంచి ఫ్రెంచివాళ్లకు తోడుగా హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ సైన్యం వచ్చేస్తోంది. ఫోర్డ్ సొంత సైనికులకన్నా కోటలో ఉన్నవాళ్లే ఎక్కువ. అయినా 1759 ఏప్రిల్ 7 రాత్రి ఆ బురదలోనే దిగి, తెల్లారేసరికి కోట పట్టేశారు. నెల తిరిగాక సలాబత్ జంగే బందరును ఇంగ్లిషువాళ్లకు రాసిచ్చాడు. కోస్తా జిల్లాల తలరాత మారింది ఈ బురదలోనే అని నా నమ్మకం. ఆ సంగతి మా పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

యుద్ధం కన్నా పెద్ద దెబ్బ 1864 నవంబరు 1న తగిలింది. ఆ రాత్రి ఉప్పెనలో దాదాపు 30 వేల మంది పోయారు. 1977 దివిసీమ ఉప్పెన గురించి మా అమ్మ చెబుతుంటే విన్నాను. 1864 గురించి చెప్పడానికి ఇంట్లో ఎవరూ మిగల్లేదు, ఈ గోడలు తప్ప.

అధికారులను కోరేది ఒకటే. పోర్టుకు వచ్చే జనం కోట దాకా రావడానికి దారి, కథంతా తెలుగులో చెప్పే బోర్డు తరవాతైనా పెట్టొచ్చు. ముందు ఆ రావి వేళ్ల సంగతి చూడండి. పైపైన నరికితే మళ్లీ చిగురిస్తాయి, లాగితే గోడే ఊడొస్తుంది. సున్నం పని తెలిసినవాళ్లతో వచ్చే తుపాన్ల లోపే ఆ పని చేయించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
చిలకలపూడి, మచిలీపట్నం