మూడు వారాలన్న సైకిలుకు ఆరు నెలలు ఎందుకు పట్టింది

మా దుకాణంలో పాత స్కూటర్లు అప్పగించి ఎదురుచూస్తున్న మీలో చాలామంది ఈ మధ్య లోపలికి రాగానే ఒకే ప్రశ్న అడుగుతున్నారు. మూలనున్న స్టాండుకు చక్రాలు లేకుండా వేలాడుతున్న ఆ పిల్లల సైకిలు ఎవరిదని, దానికోసం మా బండి ఎందుకు ఆగిందని. అడగడం న్యాయమే. మూడు చేతక్‌లూ ఒక విజయ్ సూపరూ చెప్పిన గడువు దాటి మా దగ్గర ఉన్నాయి, అందులో కనీసం రెండింటి ఆలస్యానికి కారణం ఆ సైకిలే. జరిగినది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను.

రెండేళ్ళ కిందట మా చేత తన 1980ల నాటి చేతక్‌ను బాగు చేయించుకున్న ఒక పెద్దాయన, కాలిఫోర్నియాలో ఉద్యోగ విరమణ చేసి సికింద్రాబాదుకు తిరిగి వచ్చినప్పుడు ఇంటి సామానుతోపాటు కంటైనరులో తెచ్చుకున్న మంగూస్ సైకిలు అది. కొడుకు కోసం 1984లో అక్కడ కొన్నది, ఇప్పుడు మనవడికి ఇవ్వాలని ఆయన కోరిక. ఇంజిను విప్పి బిగించేవాళ్ళం, సైకిలు ఎంతలే అనుకుని, మూడు వారాలు, పదిహేను వేలు అని ఆ నిమిషంలోనే మాట ఇచ్చాను. ఇరవై అంగుళాల చక్రం చూసి పిల్లల సైకిలనుకోవడం మొదటి పొరపాటు. 1970 ప్రాంతంలో దక్షిణ కాలిఫోర్నియాలోని కుర్రాళ్ళు ష్విన్ స్టింగ్‌రే సైకిళ్ళ మీద మోటారుసైకిలు పందేలను అనుకరిస్తూ మట్టి దిబ్బల మీద దూకడంతో పుట్టిన ఆట బీఎమ్మెక్స్; ఆ దూకుళ్ళకు మామూలు చువ్వల చక్రాలు సొట్టలు పోతుంటే, స్కిప్ హెస్ అనే ఆయన 1974లో అల్యూమినియంతో పోతపోసిన మోటోమ్యాగ్ అనే చక్రాన్ని తెచ్చారు, ఆ సంస్థే తరువాత మంగూస్ పేరుతో సైకిళ్ళు చేసింది. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో పెద్దవాళ్ళు పందెం పెట్టుకున్నదీ ఈ ఇరవై అంగుళాల చక్రాల మీదే. ఈ చరిత్ర నాకు ముందే తెలిసి ఉంటే, ఈ సైకిలు కొలతలు మన వీధిలోని సైకిళ్ళ కొలతలతో కలుస్తాయని అనుకుని ఉండేవాణ్ణి కాను.

అసలు దెబ్బ క్రాంకు దగ్గర తగిలింది. ఈ సైకిలులో రెండు పెడళ్ళ చేతులూ మధ్యనుండే ఇరుసూ వేర్వేరు ముక్కలు కావు. ఒకే ఉక్కు కడ్డీని వంచి చేసినవి. ఎడమ పెడలు, ఆ తరువాత ఎడమవైపు లాక్ నట్టు, వాషరు, బేరింగు గోళీలను అదిమి ఉంచే కోను వరసగా తీస్తే, మిగిలిన క్రాంకు మొత్తం ఫ్రేమ్ గొట్టంలోంచి వంకర తిరుగుతూ కుడివైపుకు బయటికి వస్తుంది. నట్టు ఎంతకీ కదలలేదు. లోపలి గ్రీజు నలభై ఏళ్ళకు ముదురు పాకంలా గట్టిపడింది, అందువల్లే పట్టేసిందని తీర్మానించుకుని, నూనె వేసి రెండు రోజులు ఆగి, పానాకు రెండడుగుల ఇనుప గొట్టం తొడిగి, అందరికీ తెలిసిన దిక్కులోనే, అంటే అపసవ్యంగా, నేనూ మా కుర్రాడూ కలిసి బలమంతా పెట్టాం. నట్టు మూలలు అరిగి గుండ్రమయ్యాయి. మా వీధి చివర సైకిళ్ళు బాగుచేసే పెద్దాయనను పిలుచుకొస్తే, ఆయన ఒక్క చూపు చూసి, "ఎడమపక్కది ఎడమ మర నాయనా, మీరు రెండు రోజులుగా బిగిస్తున్నారు" అన్నారు. తొక్కేటప్పుడు పుట్టే ఒత్తిడికి వదులు కాకుండా ఎడమవైపు నట్టుకూ కోనుకూ తిరగేసిన మర పెడతారని, మన ఊళ్ళో చిన్నపిల్లల సైకిళ్ళకూ ఇదే పద్ధతి ఉంటుందని అప్పుడు తెలిసింది. క్రాంకు మీద మొదటి రెండు మర చుట్లు దెబ్బతిన్నాయి. వాటిని సన్న ఆకురాయితో సరిచేసి, కొత్త నట్టు వేశాం. ఈ విషయాన్ని యజమానికి అదే సాయంత్రం ఫోను చేసి చెప్పాను. ఆయన నవ్వారు గాని నాకు నవ్వు రాలేదు.

తరువాత హ్యాండిలు. స్టెమ్ అనే హ్యాండిలు కాడ, బారును పట్టుకునే చోట వెంట్రుకవాసి పగులు చూపించింది కనుక దాన్ని మార్చక తప్పలేదు. నేను కొన్న కాడ ఫోర్కు గొట్టంలోకి దిగలేదు. మామూలుగా దొరికే కాడ మందం 22.2 మిల్లీమీటర్లు, ఆ కాలపు అమెరికా బీఎమ్మెక్స్ ఫోర్కుకు కావలసింది 21.1. తేడా ఒక మిల్లీమీటరు మీద ఒక పిసరు. లేత్ మిషన్ మీద పెట్టి గంటలో తగ్గించి ఇస్తామని తెలిసిన మిత్రులొకరు అన్నారు, ఒప్పుకోబోయాను కూడా. కాని అలా కోస్తే గొట్టం గోడలో చుట్టూ అర మిల్లీమీటరు పైగా పోతుంది; బండి గాలిలోంచి నేలకు దిగినప్పుడు పిల్లవాడి బరువంతా ఆ గోడ మీదే పడుతుంది. విదేశం నుంచి సరైన కొలత కాడను తెప్పించాను, రవాణా, కస్టమ్స్ సుంకం కలిపి అది రావడానికి ఏడు వారాలు పట్టింది. ఇంత జరిగాక కూడా పెడళ్ళు 9/16 అంగుళం మరవి తెచ్చాను, ఒంటి ముక్క క్రాంకుకు కావలసింది 1/2 అంగుళం. అవి చివరికి పిల్లల సైకిళ్ళ సామాను అమ్మే కొట్టులో దొరికాయి, కాబట్టి ఇది పిల్లల సైకిలు కాదని పైన నేను చెప్పిన మాటను కొంచెం తగ్గించుకుంటున్నాను.

క్రోము విషయంలో మీలో కొందరికి నా నిర్ణయం నచ్చకపోవచ్చు. ఫ్రేమ్ అంతా క్రోము పూతే. కింది గొట్టం మీదా వెనుక చీలికల మీదా చుక్కలు చుక్కలుగా తుప్పు పట్టింది. స్కూటరు బంపర్లకైతే బాలానగర్ వైపు పంపి కొత్త పూత వేయించడం మాకు అలవాటు. ఇక్కడ అలా చేయాలంటే పాత పూతను ఆమ్లంలో కరిగించి, గుంటలు పోయేదాకా ఉక్కును రాపిడి పట్టాలి. సన్నని గొట్టాలను ఇంకా సన్నబరచడం, అతుకుల గీతలనూ అచ్చుకొట్టిన సీరియల్ నంబరునూ అరగదీయడం, గొట్టాల లోపల ఆమ్లం మిగిలిపోయే అవకాశం, వీటన్నిటికీ సిద్ధపడితేనే అద్దంలాంటి మెరుపు. నేను సిద్ధపడలేదు. రొట్టెలు చుట్టే అల్యూమినియం రేకును నీళ్ళలో తడిపి ఆరు సాయంత్రాలు రుద్దాం. క్రోము కంటే అల్యూమినియం మెత్తన గనుక గీతలు పడవు, తుప్పు మాత్రం లేచి వస్తుంది. గుంటలు గుంటలుగానే ఉన్నాయి. దగ్గరికి వచ్చి చూస్తే కనబడతాయి, దాచడానికి ఏమీ పూయలేదు.

చక్రాల పని మేము చేయలేదు. స్కూటరు చక్రం రెండు రేకులు బోల్టులతో కలిపినది, మా చేతులకు చువ్వల లెక్క రాదు. చక్రానికి ముప్పైయారు చొప్పున చువ్వలల్లి, వేలిగోరుతో మీటి శబ్దం వింటూ బిగువు సరిచూసినది మా వీధి చివర సైకిళ్ళు బాగుచేసే ఆ పెద్దాయనే. ఆ కూలి నేరుగా ఆయనకే ముట్టింది. టైర్లు ఇక్కడివే సరిపోయాయి. ముట్టుకుంటే పొడి రాలుతున్న పాత టైర్లను యజమాని గుర్తుగా దాచుకుంటానన్నారు.

ఇక డబ్బు లెక్క. ముందు చెప్పిన పదిహేను వేలలో కూలి 8,000, సామాను 7,000. సామానుకు నిజంగా అయినది 16,300. అందులో నా తెలియనితనం వల్ల కొన్న తప్పు కాడ, తప్పు పెడళ్ళు, పాడుచేసిన నట్టు కలిపి 2,100 మా ఖాతాలో రాసుకున్నాను. యజమాని కట్టేది 22,200. ఈ అంకె మూడో నెలలోనే చెప్పి ఒప్పించుకున్నాను, అయినా మొదట ఇచ్చిన మాటకు ఇది దూరమే. కూలి పెంచలేదు, ఎందుకంటే ఆ గంటల్లో సగం మేము పని నేర్చుకున్న గంటలు.

ఈ ఏడాది ఇంకో సైకిలు తీసుకోను. ఇప్పటికే ఇద్దరు పాత బీఎమ్మెక్స్ ఫొటోలు పంపారు, వారు ఆ వీధి చివరి పెద్దాయన దగ్గరికి వెళ్ళడం మేలు. సైకిలుకు బ్రేకు కేబులు బిగించి, చైను లింకులు రెండు తీసి, హ్యాండిలు కాడను ఒకసారి మళ్ళీ తనిఖీ చేయడం మాత్రమే మిగిలింది; వచ్చే శనివారం మనవడు వచ్చి తీసుకెళతాడు. స్టాండు ఖాళీ అయిన సోమవారం నుంచి విజయ్ సూపర్ ఇంజిను పని మొదలవుతుంది, దాని వెనుక చేతక్‌లు వచ్చిన వరసలోనే ఉంటాయి. కొత్త గడువులు ఒక్కొక్కరికీ ఫోను చేసి చెబుతాను, ఈసారి బండి విప్పి చూశాకే చెబుతాను.